సూత్రాన్ని మూస అన్నందువల్ల వచ్చిన చేటు

ఈ టపాలో కొంత సాంకేతికం, కొంత వ్యాకరణం, మిగిలినది కోపం. కోపం పాలు ఎక్కువైందని తోచినవారు వ్యాఖ్యలలో మందలించవచ్చు. ముప్పైయేళ్ళు పిల్లలను మందలించి పదవీవిరమణ చేసినవాణ్ణి. ఇచ్చినది తిరిగి పుచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ముందుగా ప్రతిజ్ఞ. దత్తాంశనిధి నుండి వెలువడిన ఎక్స్ఎమ్ఎల్‌ను చదువదగిన పుటలుగా మార్చేటప్పుడు, ఒకే ఒక పెద్ద టెంప్లేట్ రాసి, దాని కడుపులో ఫర్-ఈచ్ మీద ఫర్-ఈచ్ పేర్చి, కావలసిన గళ్ళను ఏరుకొచ్చే పద్ధతి తప్పు. సులువైన తప్పు గనుక విరివిగా వ్యాపించింది. ఏ మూలకానికి ఆ నియమం విడివిడిగా రాసి, ఎదురైనదానికి తగిన నియమాన్ని యంత్రమే ఎంచుకొనేట్లు చేయడం ఎక్స్ఎస్ఎల్‌టీ పుట్టుకలోనే ఉన్న పద్ధతి. 1999 నవంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వెలువరించిన తొలి ప్రమాణంలోనే అది ఉంది. దానిని పక్కన పెట్టినందుకు నేను చెల్లించిన మూల్యం చెబుతాను.

ఉద్యోగం ముగిశాక మా ఊరి చేనేతవారి మాటలు సేకరించే పని పెట్టుకున్నాను. పడుగు, పేక, ఆసు, నాడె, కండె వంటివి అందరూ ఎరిగినవే. అవి కాక, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటిగా ఉన్న మాటలు నాకు కావాలి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదాలతో మాండలిక వృత్తిపదకోశానికి శ్రీకారం చుట్టిన దారి ముందే ఉంది. నాది ఆ దారిన నడిచే ఒక పల్లెటూరి పంతులు ప్రయత్నం. రాసుకున్న నోటుపుస్తకాలను నా పాత విద్యార్థి ఒకడు మైఎస్‌క్యూఎల్ పట్టికలోకి ఎక్కించాడు. పదం, అర్థం అని రెండు గళ్ళు. దానిని ఎక్స్ఎమ్ఎల్‌గా దించి, ఒక శైలిపత్రంతో చిన్న పుస్తకంగా మార్చే ఏర్పాటు కూడా చేసి ఇచ్చాడు. అప్పుడు చాలా సంతోషించాను.

కొన్ని నెలల తరువాత పట్టికలో ‘చెప్పినవారు’ అని మూడవ గడి చేర్చాను. మాట ఎవరి నోట విన్నానో వారి పేరు అందులో ఉండాలని నా కోరిక. ప్రతి వరుసకూ పేర్లు నింపాను. మళ్ళీ యంత్రం నడిపాను. ఏ తప్పూ చూపలేదు, ఏ హెచ్చరికా ఇవ్వలేదు, పుస్తకం చక్కగా వచ్చింది. ఉగాదినాడు ప్రతులు పంచాము. సగానికి పైగా మాటలు చెప్పిన పెద్దాయన తన మనుమడి చేత పుస్తకం మొదటినుండి చివరివరకు చదివించుకొని, మరునాడు మా అరుగు మీదకు వచ్చి కూర్చున్నారు. “మాటలన్నీ నావేనండి మేష్టారూ, నేనే లేను” అన్నారు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఏమైందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ శైలిపత్రంలో ఉన్నది ఒక్కటే టెంప్లేట్. అది మూలం దగ్గర నిలబడి, ప్రతి ‘రో’కూ తిరిగి, ‘పదం’ అన్న ఫీల్డునూ ‘అర్థం’ అన్న ఫీల్డునూ వాల్యూ-ఆఫ్‌తో లాగి తెచ్చుకుంది. మూడవది ఒకటి ఉన్నదని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పనిది అది అడగలేదు. దత్తాంశనిధిలో పేరు ఉంది, ఎక్స్ఎమ్ఎల్‌లో పేరు ఉంది, అచ్చులో లేదు. కనబడవలసినది కనబడకపోవడాన్నే మన వైయాకరణులు లోపం అన్నారు. వారి శాస్త్రంలో లోపానికి కూడా ఒక సూత్రం ఉంటుంది. ఇక్కడ సూత్రం లేకుండానే లోపం వచ్చింది.

ఆ కుర్రవాణ్ణి నేను నిందించను. అతనికి పాఠం అలాగే చెప్పారు. నా తగవు ఆ పాఠంతో.

మొదటి దోషం పేరులోనే ఉన్నది. టెంప్లేట్ అన్న మాటకు తెలుగు వికీపీడియాలో ‘మూస’ అని వాడుక. అక్కడ అది సరిపోతుంది. మూస అంటే కరిగించిన లోహం పోసే అచ్చు, ఖాళీలున్న చట్రం. ఆ మాట వినగానే మనస్సుకు తోచేది ఖాళీలు పూరించడం. ఎక్స్ఎస్ఎల్‌టీ ప్రమాణం మాత్రం దీనిని ‘టెంప్లేట్ రూల్’ అన్నది. వాడుకలో జనం రూల్‌ను వదిలి టెంప్లేట్‌ను ఉంచుకున్నారు. తలను వదిలి తలపాగాను ఉంచుకోవడం వంటిది. దీనికి రెండు భాగాలున్నాయి. ‘ఇటువంటిది ఎదురైతే’ అన్నది మ్యాచ్. ‘ఇది చేయుము’ అన్నది కార్యం. నిమిత్తమూ కార్యమూ కలిగినదానిని మన సంప్రదాయం సూత్రం అంటుంది. అచ్చుకు పరంగా అచ్చు వస్తే ఉత్వానికి సంధి నిత్యమని చెప్పే సూత్రం ఏ ఒక్క పదం కోసమూ పుట్టలేదు. ‘రాముడు’ పక్కన ‘అతడు’ వచ్చినా, నిన్న పుట్టిన మాట పక్కన రేపు పుట్టబోయే మాట వచ్చినా తన పని తాను చేస్తుంది.

బడిలో నేను చూసిన రెండు రకాల పిల్లల సంగతి చెబుతాను. బహువచనాలు నేర్పేటప్పుడు ఒక పిల్లవాడు ‘బొమ్మ బొమ్మలు, పుస్తకం పుస్తకాలు’ అని పట్టికను కంఠస్థం చేస్తాడు. పట్టికలో లేని మాట అడిగితే నోరు మెదపడు. ఇంకొకడు ‘లు’ చేర్చాలని గ్రహిస్తాడు. ‘చెయ్యి’ అడిగితే ‘చెయ్యిలు’ అంటాడు, ‘గొయ్యి’ అడిగితే ‘గొయ్యిలు’ అంటాడు. తరగతి నవ్వుతుంది. కాని ఉపాధ్యాయుడికి ఆ రెండవవాడే కావాలి. వాడి తప్పు వినబడింది. ‘చేతులు, గోతులు’ అని వెంటనే దిద్దవచ్చు. మౌనంగా కూర్చున్నవాడి తప్పును ఎవరు దిద్దగలరు?

ఫర్-ఈచ్ పద్ధతి ఆ మౌనబాలుడు. నియమపద్ధతి ‘చెయ్యిలు’ అన్నవాడు. ఎలాగంటే, ఎక్స్ఎస్ఎల్‌టీలో మనం ఏమీ రాయకపోయినా కొన్ని సహజనియమాలు ఉన్నాయి. నియమం లేని మూలకం ఎదురైతే దాని పిల్లల దగ్గరకు వెళ్ళు. వచనం ఎదురైతే ఉన్నది ఉన్నట్లు దించు. అందుకే నియమమే లేని ఖాళీ శైలిపత్రాన్ని నడిపినా పత్రంలోని వచనమంతా ఒక ముద్దగా బయటికి వస్తుంది. చాలామంది దీనిని చూసి విసుక్కుంటారు. నేను దీనికి దండం పెడతాను. మా పుస్తకం నియమపద్ధతిలో రాసి ఉంటే, ఆ పెద్దాయన పేరు అర్థం పక్కన అతుక్కొని, చుక్కా కామా లేకుండా, వికారంగా వచ్చేది. వికారంగా వచ్చినది తొలి ప్రతిలోనే కంట పడేది.

ఇక ఆక్షేపణలు. మొదటిది: “నియమాలు చెల్లాచెదురుగా ఉంటే ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలియదు. ఒకేచోట ఉంటే పైనుండి కిందికి చదువుకోవచ్చు.” పైనుండి కిందికి చదవడం కథకు లక్షణం. శాస్త్రాన్ని అలా చదవరు. అష్టాధ్యాయిని కథలాగా చదివి అర్థం కాలేదన్నవాడిని ఏమంటాము? ఏ నియమం గెలుస్తుందో చెప్పే పరిభాష ఇక్కడా ఉంది. అది అరపుటకు మించదు. ముందుగా ఇంపోర్ట్ వరుస: దిగుమతి చేసుకున్న పత్రంలోని నియమం కన్న, దిగుమతి చేసుకొంటున్న పత్రంలోని నియమం బలీయం. అక్కడ సమానమైతే ప్రయారిటీ అన్న అంకె. అదీ సమానమైతే తొలి ప్రమాణం దానిని తప్పుగానే పరిగణిస్తుంది. ఐనా యంత్రం కోలుకోదలిస్తే చివర ఉన్న నియమాన్ని తీసుకోవాలంటుంది. తుల్యబలం గల రెండు సూత్రాలు ఢీకొంటే పరసూత్రానికే చెల్లుబాటని పాణిని నిర్ణయించి రెండువేల ఏళ్ళు దాటింది. ఈ కాలపువారు స్వతంత్రంగా అదే చోటికి వచ్చారని చూసి నేను మురిసిపోయాను.

ఐతే మురిపెం వెంట ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రయారిటీ మనం రాయకపోతే యంత్రం తానే వేసుకుంటుంది. నక్షత్రం గుర్తుతో ఏ మూలకమైనా సరే అంటే మైనస్ 0.5. ఒక నామపరిధిలోని ఏదైనా సరే అంటే మైనస్ 0.25. పేరు పెట్టి పిలిస్తే 0. అంతకు మించి షరతు గాని, దారి గాని చేర్చితే 0.5. ఉత్సర్గం కన్న అపవాదం బలీయమన్న న్యాయం ఇందులో కనిపిస్తుంది. కాని ఒక పెద్ద తేడా ఉంది. మన శాస్త్రంలో అపవాదాన్ని గుర్తించేది విషయవ్యాప్తిని బట్టి. ఇరుకైన విషయం గలది అపవాదం. యంత్రానికి వ్యాప్తి కొలవడం తెలియదు, దానికి తెలిసినది ఆకారమే. ఒక షరతు ఉన్నా 0.5, మూడు షరతులు ఉన్నా 0.5.

ఇది దత్తాంశనిధి ఎక్స్ఎమ్ఎల్‌లో ప్రాణాంతకం. మైఎస్‌క్యూఎల్ దించే ఎక్స్ఎమ్ఎల్‌ను చూడండి. రెజల్ట్‌సెట్ అన్న ఇంట్లో రో అన్న గదులు, ప్రతి గదిలో ఫీల్డ్ అన్న మనుషులు. అందరి పేరూ ఫీల్డే. అసలు పేరు ‘నేమ్’ అన్న లక్షణంలో దాగి ఉంటుంది. కాబట్టి పదానికొక నియమం, అర్థానికొక నియమం రాయాలంటే షరతు తప్పదు. అన్నీ 0.5 దగ్గర వచ్చి నిలబడతాయి. ‘అర్థం’ అన్న ఫీల్డుకు ఒక నియమమూ, ‘అర్థం’ ఖాళీగా ఉన్నప్పుడు మరొక నియమమూ రాశారనుకోండి. రెండవది అపవాదమని మనకు తెలుసు, యంత్రానికి రెండూ సమానం. అటువంటి చోట ప్రయారిటీని మన చేతితో 1 అనో 2 అనో రాయాలి. రాయకుండా ‘చివర ఉంది కదా, అదే గెలుస్తుంది’ అని ఊరుకున్నవారు, రేపు ఎవరో నియమాల వరుస మార్చినప్పుడు ఏడుస్తారు.

ఇంతకన్న మంచి ఉపాయం పనిని రెండు దశలుగా విడదీయడం. మొదటి దశలో ‘నేమ్’ లక్షణంలోని పేరునే మూలకం పేరుగా మార్చి కొత్త ఎక్స్ఎమ్ఎల్ తయారు చేయాలి. గడుల పేర్లలో ఖాళీలు లేకుండా చూసుకోవాలి, అవి మూలకం పేరుగా చెల్లవు. రెండవ దశలో పదం, అర్థం, చెప్పినవారు అని పేర్లు పెట్టి నియమాలు రాసుకోవచ్చు. అప్పుడు సామాన్యమంతా 0 దగ్గర, అపవాదమంతా 0.5 దగ్గర సహజంగానే సర్దుకుంటాయి. తొలి ప్రమాణంలో ఒకే పరుగులో ఈ రెండు దశలూ చేయాలంటే పొడిగింపుల సాయం కావాలి. రెండు పరుగులుగా నడిపితే ఏ బాధా లేదు.

రెండవ ఆక్షేపణ: “దత్తాంశనిధి నుండి వచ్చేది చదునైన పట్టిక. ఎప్పుడూ ఒకే తీరు. కథలో వలె ఎక్కడ ఏ మూలకం వస్తుందో తెలియని స్థితి కాదు. దీనికి నియమాలెందుకు?” ఈ ఆక్షేపణలో సత్యం ఉంది. ఈనాటికి ఈ పట్టిక చదునే. నేను గడి చేర్చిన రోజు ఏమైంది? పట్టికలు మారవన్నవారు పట్టికలను ఎన్నడూ పెంచనివారు. పైగా ఖాళీల సంగతి ఉన్నది. మైఎస్‌క్యూఎల్ శూన్యమైన గడిని ‘నిల్’ అన్న గుర్తుతో ఖాళీ ఫీల్డుగా దించుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని ఫర్ ఎక్స్ఎమ్ఎల్, మనం ప్రత్యేకంగా కోరితే తప్ప, శూన్యమైన గడిని అసలు దించదు. కాబట్టి ఒక వరుసలో ఉన్నది మరొక వరుసలో ఉండదు. ఒకే తీరు అన్న నమ్మకం అక్కడే కూలింది.

మూడవది నా పక్షంలోని లోపం. ఎదుటివారు చెప్పకముందే చెప్పడం వాదధర్మం. సహజనియమాలు పిల్లల దగ్గరకు వెళతాయన్నాను గదా, లక్షణాల దగ్గరకు వెళ్ళవు. అప్లై-టెంప్లేట్స్ అని ఊరికే అంటే లక్షణాలను ముట్టుకోదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ రా, ఆటో పద్ధతులలో గళ్ళను మామూలుగా లక్షణాలుగానే దించుతుంది. అటువంటి పత్రం మీద నియమపద్ధతి కూడా మౌనబాలుడే అవుతుంది. కనుక అక్కడ లక్షణాలను కూడా ఎంచుకోమని స్పష్టంగా రాయాలి, లేదా గళ్ళను మూలకాలుగా దించమని దత్తాంశనిధినే అడగాలి. ఏ పద్ధతి పేరు చెప్పినా జాగ్రత్తకు మారుపేరు కాదు.

ఇప్పుడు నేను పాటిస్తున్న క్రమం చెబుతాను. ఇది నా పాఠప్రణాళిక, వేదం కాదు.

మొదట ఉత్సర్గం. ఎవరికీ చెందని ఫీల్డుకు ఒక సామాన్యనియమం. అది గడి పేరునూ విలువనూ పక్కపక్కన అచ్చువేస్తుంది, ‘ఈ గడికి నియమం లేదు’ అని మెసేజ్ ద్వారా గట్టిగా చెబుతుంది. 2017లో వచ్చిన మూడవ ప్రమాణంలోనైతే నియమం దొరకనప్పుడు ఏమి చేయాలో మోడ్ దగ్గరే నిర్ణయించవచ్చు. ‘ఫెయిల్’ అంటే పని అక్కడికక్కడ ఆగిపోతుంది. రెండు నియమాలు ఢీకొన్నప్పుడు కూడా ఆగిపొమ్మని చెప్పవచ్చు. తప్పు దాచే సేవకుని కన్న పని ఆపే సేవకుడు మేలు.

పిమ్మట అపవాదాలు. ఒక గడికి ఒక నియమం, చిన్నది. ఒక నియమం తెర మీద పట్టనంత పెరిగితే అందులో రెండు నియమాలు దాగి ఉన్నాయని అర్థం.

తరువాత అధికారాలు. ఒకే పదం అకారాది సూచికలో ఒక తీరుగా, లోపలి పుటలో మరొక తీరుగా రావాలి. దీనికి మోడ్ ఉన్నది. అధికారసూత్రం ఒక ప్రకరణాన్ని ఏలినట్లు మోడ్ ఒక రూపాన్ని ఏలుతుంది. మోడ్ వాడక, లోపల ‘ఇది సూచికా, పుటా’ అని అడిగే షరతులు గుచ్చినవారు మళ్ళీ మూసలోకే జారినట్లు.

వరుస మార్చవలసి వస్తే ఒక చిన్న మెలకువ. ముందు పదాన్ని ఎంచుకొని నియమాలకు అప్పగించి, ఆ వెంటనే ‘పదం కానివన్నీ’ ఎంచుకొని అప్పగించాలి. పేరు పేరునా పిలిస్తే కొత్తగా వచ్చినవాడు వాకిట్లోనే నిలబడిపోతాడు. ‘మిగిలినవారు కూడా రండి’ అన్న పిలుపు ఒకటి చివర తప్పక ఉండాలి. పెళ్ళిపందిట్లో మనకు తెలిసిన మర్యాదే ఇది.

చివరిగా దిగుమతి. అన్ని పట్టికలకూ చెల్లే నియమాలు ఒక పత్రంలో, ఈ పుస్తకానికి మాత్రమే చెల్లేవి వేరొక పత్రంలో. రెండవది మొదటిదానిని దిగుమతి చేసుకుంటుంది. అప్పుడు పుస్తకం మారినా పునాది కదలదు.

ఫర్-ఈచ్‌ను వెలివేయమనడం లేదు. చిన్న మొత్తాలు లెక్కించడానికి, ఒక చోట ఒకే ఆకారం పదిసార్లు తిప్పడానికి అది మంచి పనిముట్టు. తొలి ప్రమాణంలో తాళపుచెవుల సాయంతో వర్గీకరించే మ్యూంచ్ పద్ధతిలో దానిది న్యాయమైన స్థానం. ఉలి మంచిదే, ఉలితో అన్నం వండవద్దంటున్నాను.

ఇక అందరూ నా ముఖాన విసిరే మాట: “ఎక్స్ఎస్ఎల్‌టీ చచ్చిపోయింది, మీరు శవానికి అలంకారం చేస్తున్నారు.” 2025లో క్రోమ్ విహారిణి నిర్మాతలు దానిని తమ విహారిణి నుండి తొలగించబోతున్నట్లు ప్రకటించిన మాట నిజం. వారు చెప్పిన కారణం భద్రత. పాతబడిన గ్రంథాలయాన్ని మోయడం ప్రమాదమన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని విహారిణులలో ఉండేది మొదటినుండీ తొలి ప్రమాణమే. సాక్సన్ వంటి యంత్రాలు నడిచేది విహారిణి బయట, మన సొంత కంప్యూటర్లలోను, ప్రచురణశాలలలోను. మా పుస్తకం తయారయ్యేది అక్కడే. వాకిలి ఒకటి మూసినంత మాత్రాన ఇల్లు కూలదు. పోనీ, రేపు ఇల్లే కూలిందనుకొందాం. మీరు జేసన్‌ను మరే భాషలో తిప్పినా, పట్టిక గళ్ళను పేరు పేరునా లాగి తెచ్చుకొని, పేరు తెలియనివాటిని చప్పుడు చేయకుండా పారవేసే అలవాటు మీతోపాటే వస్తుంది. నా తగవు ఆ అలవాటుతోనే గనుక భాష మారితే తగవు తీరదు.

శైలిపత్రాన్ని నియమాలుగా విడగొట్టి నేనే తిరగరాశాను. నా వయస్సుకు మూడు వారాలు పట్టింది. మొదటి పరుగులోనే ప్రతి పదం కింద పేరు వచ్చింది. దానితోపాటు నేనెప్పుడో పరీక్షకని చేర్చి మరచిన ‘పనికిరాని గడి’ అన్న గడి కూడా వచ్చి వెక్కిరించింది. దానిని చూసి నవ్వుకొని తొలగించాను. నియమపద్ధతి మన చెత్తను కూడా దాచదు.

రెండవ ముద్రణ నాటికి ఆ పెద్దాయన లేరు. ప్రతిని మనుమడి చేతికి ఇచ్చాను. అతడు అక్కడే నిలబడి పుటలు తిప్పాడు. చదవడం లేదు, పేర్లు లెక్కపెడుతున్నాడు. కొంతసేపటికి లెక్క తప్పి మళ్ళీ మొదటినుండి ఆరంభించాడు.

మీ శైలిపత్రాలను ఒకసారి తెరిచి చూడండి. పట్టికకు ఉత్తుత్తి గడి ఒకటి చేర్చి నడపండి. అది పుటలో ఎక్కడో ఒకచోట, ఎంత వికారంగానైనా సరే, కనబడిందా? కనబడితే మీరు నా పక్షం. కనబడకపోతే ఇంతకుముందు ఎవరెవరి పేర్లు అలా జారిపోయాయో వెదకడం మొదలుపెట్టండి. విభేదించేవారికి వ్యాఖ్యల వాకిలి తెరిచే ఉంది.